విమానానికి కొబ్బరికాయ

నేను ఒక విమానాన్ని కూల్చాను. గాలిలో కాదు. ఫిల్మ్ నగర్‌లో, నేలమీద నిలబెట్టి, పట్టుపంచె కట్టుకుని మరీ కూల్చాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. మా ఆవిడ శారదకు వినబడేలా మాత్రం నవ్వకండి.

సాఫ్ట్‌వేర్ ఊపుమీదున్న రోజులవి. జూబ్లీహిల్స్‌లో ఎవరిని కదిపినా కోట్లలోనే మాట్లాడేవారు. నేనేమో షూటింగులకు కార్లు అద్దెకిచ్చుకునేవాణ్ణి. అంతలో ఒక నిర్మాత పాట కోసం తెప్పించుకున్న బుల్లి విమానం అమ్మకానికొచ్చింది. పాతదే, ఇద్దరు పడతారు. నేలమీదా దిగుతుంది, నీళ్లమీదా దిగుతుంది. చూడగానే నాకు మతిపోయింది.

"దీన్ని అద్దెకిస్తే ప్రతి హీరో ఇందులోంచే దిగుతాడు," అన్నాను శారదతో.

"మోతీనగర్ స్థలం అమ్మి ఇది కొంటారా? అద్దె కొంపల్లో విసిగిపోయానండీ. అక్కడ ఇల్లు కడతానన్నారుగా."

"ఒక్క ఏడాది ఆగు. మోతీనగర్ ఏంటి, జూబ్లీహిల్స్‌లోనే కడతాను."

పిచ్చిది, నమ్మింది.

కొన్నాక స్టూడియో ఆవరణలోనే పూజ పెట్టాం. మా డ్రైవర్ యాదగిరి నిమ్మకాయలు పట్టుకుని బుర్ర గోక్కున్నాడు.

"సార్, గిది బండా, పడవా? నిమ్మకాయలు చక్రాల కింద పెట్టాల్నా?"

"పెట్టు. కొబ్బరికాయ మాత్రం పడవకు కొట్టినట్టే కొట్టాలి. మా బందరు రేవులో పడవ ముక్కుమీదే కొడతారు."

"ఎందుకండీ, నేలమీద కొట్టండి చాలు," అంది శారద.

"నీకు తెలీదు, ఊరుకో."

నా జన్మలో నేనన్న మాటల్లో ఇంత ఖరీదైనది మరొకటి లేదు.

గంగమ్మతల్లిని తలుచుకుని, రెండు చేతులా ఎత్తి, విమానం ముక్కుమీద ఒక్కటిచ్చాను. ఫట్‌మంది. చూద్దును కదా, ముక్కు నుంచి కడుపు దాకా పగులు. అది చెక్క కాదు, పల్చటి ఫైబరు అన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. యాదగిరి వంగి కాయను తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కాయకైతే ఏం కాలే సార్."

పగులు అతికేవాళ్లు దొరికారు గానీ, అతికాక ఎగరొచ్చని సంతకం పెట్టే నాథుడు దొరకలేదు. ఏ నిర్మాతా తన హీరోను అందులో కూర్చోబెట్టనన్నాడు. ఎండకు ఎండి, వానకు తడిసి, చివరికి కారుచౌకగా ఒకాయన చేతికి పోయింది. ఆయన తీసే సినిమాలో విమానాన్ని తగలబెట్టే సీను ఉందట.

సినిమా వచ్చాక ఇద్దరం వెళ్లాం. తెరమీద నా విమానం ఇలా కనబడి అలా భగ్గుమంది. హాలంతా ఈలలు. శారద నావైపు తిరక్కుండానే మెల్లగా అంది.

"మన ఇల్లు బాగానే కాలిందండీ."

తిట్టినా బాగుండేది. ఆ చీకట్లోనే ఆవిడ చేతిలో చెయ్యివేసి ఒట్టు పెట్టాను: రెక్కలుండి నీళ్లలో తేలేదేదీ ఈ జన్మలో కొనను. బాతునైనా సరే.