తెరిచి ఉన్న సూదిబెజ్జం

మా పై అంతస్తు అన్నయ్యగారు పోయారన్న కబురు వదినే వచ్చి చెప్పింది. తలుపు తీసేసరికి కోటుతోనే నిలబడి ఉంది, ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చినట్టుంది. "మీ అన్న పోయిండు" అంది. "జర పైకి రావా, ఒక్కదాన్నే తాళం తీయబుద్ధి అయితలేదు."

సొంత అన్నయ్య కాదు. జర్మనీలోని ఈ ఆకెన్‌లో ఒకే మెట్లు ఇన్నేళ్ళు ఎక్కి దిగితే వరస దానంతటదే కలుస్తుంది. ఆయనది కరీంనగర్ వైపు, మాది గుంటూరు. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగాలే ఇద్దరివీ. ఆదివారాలు మాత్రం ఆయన పెట్టెలు చేసేవారు. లెన్సు లేని కెమెరాలు. వెలుతురు చొరబడని పెట్టె, ఒక పక్క సూదితో పొడిచిన బెజ్జం, దాని ఎదుటి గోడకు ఫొటో కాగితం. అంతకుమించి ఏమీ ఉండదు. బొమ్మ దానంతటదే పడుతుంది. జనం అగ్గిపెట్టెతో చేసుకునేదాన్ని ఆయన పారేసిన చెత్తడబ్బాతో, పాత బీరువాతో చేశారు. ఎందుకంత పెద్దవి అంటే, "చిన్న డబ్బాల చిన్న మనుషులే వస్తరు చెల్లె. మనిషి మనిషంత రావాలె" అనేవారు.

ఒకసారి కెల్లర్‌లో, అంటే భవనం కింది నేలమాళిగలో, తన వంతు సామాను గదినే కెమెరా చేశారు. నేల మట్టానికున్న కిటికీకి నల్లగుడ్డ కట్టి, చిన్న బెజ్జం వదిలారు. లోపలికి పిలిచి తలుపు మూశారు.

"నాకేం కనిపించట్లేదండీ."

"ఆగు. మీ గుంటూరోళ్లకు తొందరెక్కువ."

మెల్లగా ఎదుటి గోడ మీద వీధి తలకిందులుగా తేలింది. తడిసిన రోడ్డు పైన, దాన్నుంచి వేలాడుతూ నడిచే మనుషులు, గొడుగులు. అడుగుల చప్పుడు కూడా లేదు. వాళ్ళలో ఒకరు సరిగ్గా మా కిటికీ ఎదురుగా ఆగి, మావైపు తిరిగి నిలబడ్డారు. చాలాసేపు.

"మనల్నే చూస్తున్నారా?" అన్నాను గొంతు తగ్గించి.

"ఆళ్లకు నల్లగుడ్డనే కనవడ్తది. చూసేది మనమే."

ఆ మాట ధైర్యం చెప్పడానికే అన్నారో, కాదో, ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత చాలాకాలం ఆ వీధిలో నడుస్తూ కిటికీల వైపు చూడలేకపోయాను.

ఒక బతుకమ్మకు పార్కులో చెత్తడబ్బా కెమెరా పెట్టారు. ఆడవాళ్ళంతా పట్టుచీరల్లో ఆడినంతసేపూ దాన్ని తెరిచే ఉంచారు. వారం తర్వాత బొమ్మ తెచ్చి చూపిస్తే, మధ్యలో పూల బతుకమ్మ రేకు రేకు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉంది. చుట్టూ పొగలా ఒక వలయం. మనుషుల్లేరు.

"గింత తయారై వస్తే పొగ చేసినవేంది అన్నా?" అంది వాళ్ళలో ఒకావిడ.

"జర నిలబడున్రి అని చెప్పిన్నా లేదా?"

"నిలబడి ఎవరన్న బతుకమ్మ ఆడుతరా?"

అందరూ నవ్వారు. ఆ బొమ్మను మాత్రం ఎవరూ ఇంటికి తీసుకెళ్ళలేదు.

తనే కెమెరా ముందు కూర్చున్నప్పుడు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఊపిరి తీస్తున్నారా లేదా అన్నట్టుండేవారు. "ఆదివారం వస్తే శవం లెక్క కూసుంటడు" అని వదిన ఎగతాళి చేసేది. "ప్రాక్టీసు" అనేవారాయన, పెదవులు కదపకుండా.

నేను ప్రతిదాన్నీ అనుమానించే మనిషిని. ఉద్యోగం మారనా వద్దా, ఇక్కడే ఉండిపోనా వద్దా అని మెట్ల మీద పట్టుకుని అడిగితే, "అనుమానముంటే ఇంకింత సేపు తెరిచి పెట్టు" అనేవారు. తీసిపారేసే సలహా కాదది. నాకు అంత ఓపికగా జవాబు చెప్పినవాళ్ళు తక్కువ.

చివరి కెమెరా ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె. హాల్లో ఒక మూల పెట్టి, కిటికీల రోలాడెన్ షట్టర్లు దాదాపు కిందికి దించి, అంతవరకూ చేసినవాటిలోకెల్లా సన్నని బెజ్జం పెట్టారు. చీకటి గది కనుక వారమంతా తెరిచి ఉండాలట. ఒక ఉదయం బెజ్జం మీది నల్లటేపు ఊడదీసి, ఎదురుగా కుర్చీలో మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. అక్కడే గుండెనొప్పి వచ్చింది. మర్నాడు ఆసుపత్రిలో పోయారు.

తర్వాత ఇంటినిండా జనం. కుర్రాళ్ళు వంటలు తెచ్చారు, ఆడవాళ్ళు వదిన పక్కన వంతులవారీగా కూర్చున్నారు. మొదటిరోజు ఎవరో ఆమెను ఆ కుర్చీలోనే కూర్చోబెట్టారు. పరామర్శకు వచ్చేవాళ్ళ కోసం పొద్దంతా అందులోనే ఉండిపోయింది, రోజుల తరబడి. అట్టపెట్టె మీద కోట్లు పడేశారు. అది కెమెరా అని ఎవరికీ తోచలేదు, నాకు కూడా.

కర్మకు పటం కావాలి. వెతికితే ఆయన ఫొటో లేదు. అందరి ఫోన్లలోనూ ఆయన వీపో, చెయ్యో. ఉన్నదల్లా వీసా కోసం తీయించుకున్న ఫొటో.

"దాంట్ల దొంగ లెక్కుంటడు. దానికి దండెయ్య" అంది వదిన. తర్వాత మూలకు చూసింది. "ఆయన ఆ డబ్బాల ఉన్నడు."

ఆయన కాగితాలు కడిగేటప్పుడు సాయం చేసినదాన్ని నేనొక్కదాన్నే. "రాకపోతే వదినా?"

"రాకపోతే రాలే. నువ్వు చెడగొట్టినవని అనుకోను, తియ్."

కిటికీ లేని బాత్రూం, ఎర్రబల్బు. స్నానాల తొట్టెలో మందునీళ్ళు పోసి, కాగితాన్ని ముంచి పట్టుకున్నాను. ముందు రోలాడెన్ సందులు నల్లగా తేలాయి. తర్వాత బల్ల, అర. అన్ని రోజులు ఆ గదిలో తిరిగినవాళ్ళం ఒక్కరమూ లేము. టీ ట్రే పట్టుకుని ఎన్నిసార్లు తిరిగానో, నేనూ లేను. చివరికి కుర్చీ వచ్చింది. కుర్చీలో ఎవరో ఉన్నారు.

"వచ్చిండు" అంటూ వదిన నా మణికట్టు పట్టుకుంది.

మరికాస్త తేలాక భుజం మీది శాలువా కనబడింది. అది వదినే. ఒళ్ళో చేతులు పెట్టుకుని సూటిగా మావైపే చూస్తోంది. ఆయన కోసం వంగి వెతికాను. ఆమె భుజం వెనక చిన్న మరక ఉంది. ఆయనో, నా వేలి గుర్తో చెప్పలేను. కర్మనాడు వీసా ఫొటోకే దండ వేశాం. అది తర్వాతి సంగతి.

"ఇందులో నలుపూ తెలుపూ తారుమారుగా ఉంటాయి వదినా. ఇంకో కాగితం మీద తిరగేస్తే సరిగ్గా వస్తుంది" అన్నాను.

"వద్దు" అంది. తొట్టె అంచు పట్టుకుని వంగి, చాలాసేపు చూసింది. నీళ్ళ అడుగున ఉన్నామె ముఖం చీకటిగా ఉంది. జుట్టు మాత్రం తెల్లగా నెరిసిపోయింది.

"ముసలిదాన్నయితే గిట్లుంటనన్నట్టు" అంది వదిన. "ఆయన సూస్తడనుకున్న."

తడి చేత్తో తన చెంప పక్కని నల్ల వెంట్రుకలను తాకి చూసుకుంది. నీళ్ళలో ఉన్నామె కదల్లేదు.