సంచి పద్ధతి నాది కాదు

మా జిల్లాలో ఉపాధ్యాయుల శిక్షణకని అచ్చువేసిన ఒక చిన్న పుస్తకం ఉంది. అందులో ఒక పేజీలో నా ఫొటో, దాని కింద 'సంచి పద్ధతి' అని పెద్దక్షరాలు, ఆ కింద చదువులో వెనకబడిన పిల్లల్లో ఆసక్తి పుట్టించడానికి నేను కనిపెట్టానంటూ ఒక వివరం. ఆ పేజీలో నిజమైనది ఫొటో ఒక్కటే. ఆ పద్ధతి కనిపెట్టింది పదిహేనేళ్ళ ఆడపిల్ల. నేను ఆమె దగ్గర్నుంచి పద్ధతి ఒక్కటే తీసుకుని ఉంటే దొంగతనం అనేసి ఊరుకోవచ్చు. ఆమెకు రావలసిన చదువు కూడా తీసుకున్నాను.

పన్నెండేళ్ళ కిందట కొల్లేటి ఒడ్డున ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. కాపురం ఏలూరులో. రోజూ మోటారు సైకిలు మీద, రెండు పక్కలా చేపల చెరువులున్న గట్టు రోడ్డు మీదుగా వెళ్ళి వచ్చేవాణ్ణి. పదో తరగతిలో ముప్పై నలుగురు. వాళ్ళలో పదకొండు మందికి లెక్కలంటే ఒక నిద్ర. తెల్లవారకముందే చెరువుల మీద వల లాగి, చేపలు పెట్టెలకెత్తి, తల మీద నీళ్ళు పోసుకుని బడికి వచ్చేవాళ్ళు. కళ్ళు తెరిచి కూర్చోవడమే వాళ్ళు నాకు చేసే మర్యాద.

వాళ్ళలో ప్రేరణ కలిగించమని మాకు శిక్షణ ఇచ్చేవారు. ఆ శిక్షణ ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకు చెప్పాలి. ఏలూరులో ఒక హాలు. పొద్దున్నే సంతకాలు. ఒకాయన మైకు అందుకుని అందరినీ లేచి నిలబడమంటాడు. రెండు వేళ్ళతో అరచేతి మీద కొట్టమంటాడు. మోకాళ్ళ నొప్పులవాళ్ళూ, రేపో మాపో రిటైరయ్యేవాళ్ళూ అందరూ కలిసి ఆ హాల్లో వాన చప్పుడు కురిపిస్తారు. దాన్ని ఎనర్జైజర్ అంటారు. తర్వాత చార్టు మధ్యలో 'ప్రేరణ' అని రాసి చుట్టూ బాణాలు గీస్తారు. ఆ బాణాలు ఎవరికి తగలాలో గీసినవాడికీ తెలియదు. మధ్యాహ్నం పులిహోర బాగుంటే శిక్షణ బాగున్నట్టు. ఇన్నేళ్ళలో అక్కడ ఒక్కరు కూడా లేచి, 'ఏవండీ, ఆ వెనక బెంచీవాడికి ఏది రాదో ముందు ఎలా తెలుసుకోవాలండీ' అని అడగడం నేను వినలేదు. నేనూ అడగలేదు. పులిహోర రెండోసారి వడ్డించమని మాత్రం అడిగాను.

ఒక శిక్షణ నుంచి బంగారు రంగు నక్షత్రాల స్టిక్కర్లు తెచ్చాను. గోడకు చార్టు కట్టి, సరైన జవాబు చెప్పినవాళ్ళ పేరు ఎదురుగా నక్షత్రం అంటించేవాణ్ణి. పదిహేను రోజుల్లో అయిదుగురి వరసలు మెరిసిపోయాయి. పదకొండు వరసలు తెల్లగా ఉండిపోయాయి. ఆ పదకొండు మందిలో ఒకడు ఒకరోజు చార్టు చూసి, "మాస్టారండీ, మా వరసలకి సున్నం వేయించారాండీ?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను వాణ్ణి బయట నిలబెట్టాను. వాడు అన్నదాంట్లో ఆ శిక్షణ పుస్తకం మొత్తంలో ఉన్నదానికంటే ఎక్కువ బోధనాశాస్త్రం ఉంది.

మా హెడ్మాస్టారికి వేరే దిగులు. పక్క మండలంలో ఒక బడివాళ్ళు 'నూటికి నూరు ఉత్తీర్ణత' అని బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. ఆయన ఆ దారిన వెళ్ళి వచ్చిన రోజల్లా నన్ను పిలిచేవారు.

"మాస్టారూ, ఆ పదకొండు మందినీ ఎలాగోలా గట్టెక్కించండి. ఏం చేస్తారో నాకు చెప్పక్కర్లేదు."

"చూస్తానండీ" అనేవాణ్ణి. ఏం చూడాలో తెలిసేది కాదు.

ఇక ఆ పిల్ల సంగతి. వాళ్ళ నాన్న ఒక పెద్ద చెరువు మీద కాపలా ఉంటూ చేపలకు మేత వేసే పని చేసేవాడు. ఆమె అదే పదో తరగతిలో, చదువులో మా బడికే మొదటిది. ఆదివారాలు చర్చిలో చిన్నపిల్లలకు పాటలు నేర్పేది. పదో తరగతి మార్కుల మీద ట్రిపుల్ ఐటీ సీటు వస్తుందని, వస్తే ఆరేళ్ళు అక్కడే ఉండి చదువుకోవచ్చని ఆమెకు చెప్పింది నేనే. ఆ సీటు ఆమెకు రావలసిందే అని స్టాఫ్‌రూములో అందరం అనుకునేవాళ్ళం.

ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఏవో సంతకాలు పెట్టి క్లాసుకు ఆలస్యంగా వెళ్ళాను. లోపల్నుంచి మాటలు వినబడి గుమ్మం పక్కన ఆగాను. ఆమె బోర్డు దగ్గర ఉంది. ఎదురుగా ఆ సున్నం పిల్లాడు.

"ఒరేయ్, ముందు నిన్నటిది చెప్పు."

"నిన్నటిది నిన్ననే అయిపోయిందిగా."

"అవలేదురా. నీ సంచిలో అట్టాగే ఉంది. దాని మీద ఇవాళ్టిది పోస్తే కుళ్ళిపోద్ది."

"అంటే నేను చేపనా?"

"చేపైతే ఈపాటికి తినేసేది."

అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. నవ్వి, సుద్దముక్క తీసుకుని నిన్నటి లెక్క మొదలుపెట్టాడు. మధ్యలో ఆగిపోయాడు. ఆమె వాడు ఆగిన చోటు చూసింది. సమీకరణం వాడికి వచ్చు. నాలుగో తరగతిలో నేర్చుకోవలసిన తీసివేత రాదు, పక్క అంకె నుంచి ఒకటి తెచ్చుకోవడం దగ్గర తప్పుతున్నాడు. ఆమె సమీకరణం చెరిపేసి తీసివేత రాసింది. మూడేళ్ళుగా నేను వాడికి పోసిందంతా ఆ ఒక్క తీసివేత దగ్గర నిలిచిపోయి ఉంది. మూడేళ్ళలో నేను ఒక్కసారి కూడా అక్కడ చూడలేదు.

ఆ సాయంత్రం సంచి సంగతి అడిగితే చెప్పింది. చేపల మేతంటే తవుడూ, నూనె తీసిన వేరుశనగ చెక్కా. పాత ఎరువుల సంచికి రంధ్రాలు చేసి, అందులో మేత నింపి, చెరువులో పాతిన వెదుళ్ళకు వేలాడదీస్తారు. చేపలు వచ్చి రంధ్రాల దగ్గర పొడుచుకు తింటాయి. మర్నాడు దోనె మీద వెళ్ళి, కొత్త మేత వేసేముందు ప్రతి సంచీ పైకి లాగి నిన్నటిది ఎంత మిగిలిందో చూస్తారు. మిగిలితే ఎందుకు మిగిలిందో కనుక్కుంటారు, ఇవాళ్టిది తగ్గిస్తారు.

"చూడకుండా వేస్తే ఏమవుతుందమ్మా?"

"నీళ్ళు పాడైపోతాయండీ. చేప పైకొచ్చి నోరు తెరుస్తదండీ. అందరూ చేపకి జబ్బు చేసిందంటారండీ, మేత వేసినోణ్ణి మాత్రం ఏమీ అనరండీ."

ఆమె నన్ను అనలేదు. నాన్న చెప్పింది చెప్పిందంతే. నేను అప్పుడు సిగ్గుపడవలసింది. సిగ్గుకు బదులు నాకు ఒక ఉపాయం తట్టింది.

మర్నాటి నుంచి మూడో పీరియడులో క్లాసును రెండు చేశాను. ఇరవై ఇద్దరు లోపల, నా దగ్గర. ఆ పదకొండు మందీ వరండాలో, ఆమె దగ్గర. బడి అయ్యాక పెడదామంటే వాళ్ళు ఉండరు, చెరువు పనులుంటాయి. అందుకని అసలు పీరియడే ఇచ్చేశాను. వరండాలో పాసవడానికి సరిపోయే తేలిక పాఠాలు మాత్రమే చెప్పమన్నాను. నేను లోపల సరూప త్రిభుజాలు ముగించి త్రికోణమితి మొదలుపెట్టాను.

రెండో వారంలో ఆమె గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, లోపల కొత్త పాఠమా అండీ?"

"అవునమ్మా. నీకు తర్వాత చెబుతాలే. నువ్వు తెలివైనదానివి, ఒక్క పూటలో వచ్చేస్తుంది."

ఆ మాటకు ఆమె ముఖం వెలిగింది. నక్షత్రాల చార్టు సిగ్గుపడేంత ప్రేరణ. ఆ ఒక్క పూట రాలేదు. మొదట నాకు పేపర్లు దిద్దే పని ఉంది, తర్వాత మోడల్ పరీక్షలు వచ్చాయి, ఆ తర్వాత నేను నిజంగానే మర్చిపోయాను. వరండాలో గోల లేకుండా జరిగిపోతుంటే లోపల నాకు హాయిగా ఉండేది. దాదాపు రెండు నెలలు ఆ హాయి అనుభవించాను. ఆమె రోజూ పదకొండు సంచులు పైకి లాగి చూసింది. ఆమె సంచి చూడవలసినవాణ్ణి నేను, చూడలేదు.

అందరూ పాసయ్యారు, సున్నం పిల్లాడితో సహా. బస్టాండు దగ్గర మా ఫ్లెక్సీ కూడా లేచింది. హెడ్మాస్టారు ఒక పక్క, నేను ఒక పక్క, మధ్యలో నూటికి నూరు. ఆమెకు లెక్కల్లో గ్రేడు తగ్గింది. త్రికోణమితి ప్రశ్నలు ముట్టుకోలేదు. సీటు రాలేదు. సర్టిఫికెట్ల కోసం వాళ్ళ నాన్నతో వచ్చినప్పుడు, "ఏమ్మా, భయపడ్డావా పరీక్షలో?" అని అడిగాను. అవునని తలూపింది. నేను అబద్ధాన్ని ప్రశ్నగా చేసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని మర్యాదగా తీసుకుంది.

తర్వాతి శిక్షణలో సంచి పద్ధతి గురించి నేను మాట్లాడాను. మొదటిసారి 'మా విద్యార్థిని ఒకమ్మాయి' అన్నాను. రెండోసారి 'మా విద్యార్థులు' అన్నాను. మూడోసారికి 'నేను గమనించిందేమిటంటే' దగ్గరికి వచ్చాను. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. వానచప్పుడు ఆడించే ఆ గుంపును ఇన్ని మాటలన్నాను గాని, వాళ్ళు కనీసం సొంత బాణాలు గీసుకునేవాళ్ళు.

మూణ్ణెల్ల కిందట తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు బడివాళ్ళు తమ టీచర్లకు ఒకపూట చెప్పమని పిలిచారు. చెప్పాను. దోనె, వెదురు, తవుడు, అన్నీ వర్ణించాను. సాయంత్రం పూట సంచి పైకి లాగి చూస్తారని కూడా అన్నాను. చివర్లో ప్రశ్నలుంటే అడగమన్నాను. మూడో వరసలో ఒకామె లేచింది.

"సార్, సాయంత్రం కాదండీ. పొద్దున్నేనండీ, కొత్త మేత వేసేముందు."

గొంతు గుర్తుపట్టాను. పక్కనున్న ఆ బడి కరస్పాండెంటు నవ్వుతూ, "మా ఒకటో తరగతి టీచరండీ, కొల్లేటి వైపు వాళ్ళు" అన్నాడు. ఆమె కూర్చుంది. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు. అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

టీ దగ్గర నేనే వెళ్ళాను. పెళ్ళై గూడెం వచ్చిందట. ఇంటర్లో లెక్కలు లేని గ్రూపు తీసుకుందట, తర్వాత టీచర్ ట్రైనింగ్ చేసిందట.

"డీఎస్సీ రాస్తున్నానండీ. రెండుసార్లు దగ్గర దాకా వచ్చి పోయిందండీ."

"దేంట్లో పోయిందమ్మా?"

"లెక్కల్లోనండీ. త్రికోణమితి నాకు ఇప్పటికీ రాదు సార్. అది చెప్పినప్పుడు నేను వరండాలో ఉన్నాను కదండీ."

కోపంగా అనలేదు. వాన పడితే తడిశానన్నట్టు అంది. అంటూనే, "బిస్కెట్ తీసుకోండి సార్, మీరు పొద్దుట్నుంచీ మాట్లాడుతున్నారు" అని ప్లేటు నా వైపు జరిపింది.

ఏలూరు వచ్చి, ఆ పుస్తకం తయారుచేసిన సంఘంలో ఉన్న ఒక మిత్రుడి దగ్గరికి వెళ్ళి, ఆ పేజీ మార్చమన్నాను. ఆయన నవ్వాడు.

"ఇప్పుడెందుకు మాస్టారూ, పుస్తకం పంచేశాం. అయినా పిల్లలు ఏదో అంటూనే ఉంటారు. దాన్ని పద్ధతి చేసింది మీరే కదండీ."

"నేను దాన్ని ఉపన్యాసం చేశానండీ. పద్ధతి ఆవిడే చేసింది."

"మరీ అంత చాదస్తమైతే ఎలా అండీ" అని నా భుజం తట్టి, వచ్చే నెల శిక్షణకు తేదీ ఇవ్వమన్నాడు. ఇవ్వలేదు. అక్కడ రాయనివ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నిజం ఒప్పుకున్నానని ఎవరూ మెచ్చుకోవద్దు. పన్నెండేళ్ళు ఆలస్యంగా వచ్చినవాడికి హాజరు వెయ్యరు.

త్రికోణమితి చెబుతానని ఆమెకు కబురు పెట్టాను. రెండు వారాలు జవాబు లేదు. తర్వాత ఫోను చేసి, "ఆదివారం ప్రార్థనయ్యాక రండి సార్" అంది. గూడెంలో రెండు గదుల అద్దె ఇల్లు. ఆమె భర్త కుర్చీ వేసి, టీ ఇచ్చి, "ఆ లెక్కల మాస్టారు మీరేనాండీ?" అన్నాడు. ఆ మాటలో ఎంత గౌరవం ఉందో, ఇంకేమైనా ఉందో తేల్చుకోవడానికి నేను ప్రయత్నించలేదు.

కొత్త నోటు పుస్తకం తెరిచి, లంబకోణ త్రిభుజం గీసి, కర్ణం, ఎదుటి భుజం అంటూ మొదలుపెట్టాను. నాలుగు నిమిషాల్లో పేజీ నిండింది. ఆమె పుస్తకం మీద చెయ్యి పెట్టింది.

"ముందు సంచి చూడరాండీ?"

పెన్ను ఆమెకిచ్చాను. వచ్చినంత వరకు రాయమన్నాను. సరూప త్రిభుజాల దగ్గర ఆగిపోయింది. ఆ పాఠం కూడా లోపల చెప్పిందే. గీసిన పేజీ చింపేశాను.

ఇది నాలుగో ఆదివారం. ఇంకా సరూప త్రిభుజాల దగ్గరే ఉన్నాం. నేను తొందరపడుతుంటాను. ఆమె ఆపుతుంటుంది.