వెంకీ ఎవరిని పిలుస్తాడు

పెరట్లో పని కాగానే వెంకీ ఒక్క కేక పెట్టేవాడు. "మామ్మా, అయిపోనాదీ!"

ఆ కేకకి వీధంతా నవ్వేది. వాడి నాయనమ్మ కూర్మమ్మ మాత్రం చేతిలో చేప ఉంటే చేప, చీపురు ఉంటే చీపురు అక్కడే పడేసి చెంబు పట్టుకుని పరుగెత్తేది. "మా గుంటడికి నా సెయ్యే గావాల, ఇంకెవలి సెయ్యీ పనికిరాదు" అని ఎదురింటి దాకా వినబడేలా అనేది. కన్నతల్లి పక్కనే ఉన్నా వాడు తల్లిని పిలవడు. కూర్మమ్మకి అంతకన్నా నగ లేదు.

ఆమె మొగుడు సముద్రంలో పోయినప్పుడు కొడుకు ఎర్రన్న చంటివాడు. గంప నెత్తికెత్తుకుని తీరం నుంచి ఎచ్చెర్ల దాకా నడిచి చేపలమ్మి వాణ్ణి పెంచింది. ఆ ఎర్రన్న ఇప్పుడు గుజరాత్ బోట్ల మీద పనికి పోయి ఏడాదిలో సగానికి పైగా అక్కడే ఉంటాడు. కోడలు పద్మకుమారి రొయ్యల ఫ్యాక్టరీకి వెళ్తుంది. పొద్దున్న మనవణ్ణి అంగన్‌వాడీలో దింపి, చేపలమ్ముకుని, మధ్యాహ్నానికి వాణ్ణి మళ్ళీ చంకనెత్తుకునేది కూర్మమ్మే. నాలుగేళ్ళు నిండినా దింపేది కాదు.

పద్మకుమారి తల్లి తాయారుది ఎచ్చెర్ల. ఆవిడ మొగుడు హాస్టల్లో వంటవాడు. స్లాబు ఇల్లు, నున్నటి గచ్చు, హాల్లోకి అడుగుపెట్టగానే ఎర్ర ఫ్రిజ్జు, దాని నెత్తిన పూల గుడ్డ. కూర్మమ్మ ఎప్పుడు వెళ్ళినా తాయారు అడక్కుండానే ఆ తలుపు తీసి చల్లటి నీళ్ళిచ్చేది. కూర్మమ్మ గటగటా తాగేసి, "పళ్ళు జివ్వుమన్నాయి వదినా, కుండలో నీలు నేవా?" అనేది.

హుద్‌హుద్ తుపాను వెళ్ళిన మరుసటి ఎండాకాలం, గంగమ్మ పండగకని తాయారు కూతురింటికి వచ్చి నాలుగు రోజులు ఉండిపోయింది. అందులో ఒకరోజు పెరట్లోంచి కేక వచ్చింది. కూర్మమ్మ చెంబుతో సగం వాకిలి దాటాక గాని ఆ కేకలో తన పేరు లేదని తెలుసుకోలేదు.

"అమ్మమ్మా, అయిపోనాదీ!"

ఎదురింటి అరుగు మీద వల అల్లుకుంటున్న రాముడు పగలబడి నవ్వాడు. "కూర్మమ్మా, నీ ఉజ్జోగం పోనాదే!"

"నీ పళ్ళూడిపోను, నీ వల సూసుకో" అంది కూర్మమ్మ. కానీ చెంబులో నీళ్ళు ఒలికి పాదాల మీద పడ్డాయి. తాయారు ఆమె ముందునుంచే వెళ్ళి, గోరువెచ్చటి నీళ్ళు సన్నధారగా పోసి, గుడ్డతో అద్ది, పిల్లాణ్ణి ఎత్తుకొచ్చింది.

కూర్మమ్మ వాణ్ణి గుమ్మం దగ్గర ఆపింది. "ఏరా, నా సెయ్యికి ఏటయినాది?"

"నీ సెయ్యి మండతాది మామ్మా."

తన చేతుల వంక చూసుకుంది. ఉప్పు పీల్చుకుని బిరుసెక్కిన అరచేతులు, ముళ్ళు గీరిన గీతలు. తాయారువి మెత్తగానే ఉంటాయి మరి. ఆ చేతులు ఏ పని చేశాయని!

"వదినా, ఓపాలి ఇలా సూడు" అంది తాయారు. "నీ సెయ్యి కాదు మండతన్నాది. ముడ్డి సుట్టూ సక్రంలాగ ఎర్రగా ఉన్నాది. పుండు."

"పుండూ నేదు, పుచ్చూ నేదు. ఏడి సేసినాది. మావిడికాయలు తిన్నాడు కాదా. కాకపోతే పురుగులు. యాపనూని, పసుపు రాస్తే రేపీపాటికి ఉండదు."

రాసింది. వెంకీ పెట్టిన గావుకేకకి పక్కింటి కోళ్ళు చెదిరిపోయాయి. మర్నాడూ రాసింది, ఆ మర్నాడూ రాసింది. ఎరుపు తగ్గలేదు సరికదా అంచులు గట్టిపడి తడితడిగా అయ్యాయి. వాడు దొడ్డికి కూర్చోవడానికే భయపడి బిగబట్టుకున్నాడు. బిగబట్టినకొద్దీ గట్టిపడి, చివరికి రక్తపు చార కనబడింది.

"సీకాకులంలో పిల్లల డాక్టరమ్మకి సూపిద్దాం" అంది తాయారు.

"తుమ్మితే డాక్టరు, దగ్గితే డాక్టరు. ఆ ఆచారం మీ ఇంట్లో పెట్టుకో వదినా."

డాక్టరంటే కూర్మమ్మకి భయమేమీ లేదు. ఆ మాట ముందు తాయారు నోట రావడమే తప్పయింది. అదే మాట రాముడు అని ఉంటే అప్పుడే ఆటో ఎక్కేది.

ఆమె గంపతో వెళ్ళి తిరిగొచ్చేసరికి ఇంటికి తాళం ఉంది. "నీ కోడలూ, నీ వదినా గుంటడ్ని తీసుకుని సీకాకులం ఎల్లారు" అన్నాడు రాముడు, ఈసారి నవ్వకుండా. సాయంత్రం పద్మకుమారి ఒక్కతే వచ్చింది.

"ఏడే ఆడు?"

"అత్తా, ముందు కూకో. డాక్టరమ్మ దూది పుల్లతో అక్కడ తుడిసి పరీచ్చ సేయించినాది. ఏడీ కాదంట, పురుగులూ కాదంట. గొంతునొప్పి తెచ్చే క్రిమి ఉంటాది సూడు, అదే అక్కడ సేరిందంట. సిన్నపిల్లలకి అలాగ ఒస్తాదంట. నూనిలూ పసుపులూ దానికి పనిసెయ్యవు, యాంటీబయాటిక్ మందే తాగించాలన్నాది. పది రోజులు, పొద్దునా సాయంత్రం. తగ్గినట్టు కనిపించినా ఆపీకూడదని రెండుసార్లు సెప్పినాది."

"ఆడేడే అంటే మందు కత సెప్తావేటి?"

పద్మకుమారి తల దించుకుంది. "ఆ పొడిలో నీలు కలిపినాక ఫ్రిజ్జులో ఉంచాలంట. మనింట్లో నేదు కదత్తా. అమ్మ తీసుకెల్లిపోనాది."

కూర్మమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. ఎవరో మనిషి వచ్చి లాక్కుపోయి ఉంటే వాకిట్లో నిలబడి నాలుగు తిట్లు తిట్టొచ్చు. ఇనప బీరువాలాంటి ఒక పెట్టె మనవణ్ణి ఎత్తుకుపోతే ఎవరిని తిడుతుంది?

మర్నాడు ఆమె చేపల గంప తాయారు వీధిలోకి తిరిగింది. అది ఆమె వెళ్ళే దారి కాదు. "సేపలో!" అని కేకేసింది, ఆ వీధిలో సగం మంది చేపలు తినరని తెలిసి కూడా. వెంకీ వసారాలో టైరు దొర్లించుకుంటున్నాడు.

"మామ్మా! ఆ మందు అరటిపండులాగ ఉన్నాది. అమ్మమ్మ ఐసు కూడా పెడతాది!"

"బాగున్నాదా? మన ఇంటికి ఒచ్చీ మరి."

వాడు లోపలికి పరుగెత్తాడు. కాసేపటికి ఇంటి వెనకనుంచి, నొప్పీ ఏడుపూ లేని చక్కటి గొంతుతో కేక వినబడింది. "అమ్మమ్మా, అయిపోనాదీ!" కూర్మమ్మ కాలు దానంతటదే ముందుకు కదిలింది. లోపల అప్పటికే నీళ్ళ చప్పుడు. ఆ రోజు బేరమాడిన వాళ్ళందరూ తిట్లు తిన్నారు.

రాత్రంతా ఆలోచించి తెల్లారేసరికి చంకలో థర్మాకోల్ పెట్టెతో తాయారు గుమ్మంలో నిలబడింది. "ఇయ్యి సీసా. గుంటడ్ని కూడా ఇయ్యి. సల్లదనం నీ ఫ్రిజ్జులోనే పుడతాదేటి? నా బతుకంతా మంచులోనే తెల్లారినాది."

"వదినా, గడ్డకట్టీకూడదంట."

"సేపని గడ్డకట్టకండా, కుళ్ళకండా నాలుగూళ్ళు తిప్పినదాన్ని. జానెడు సీసాని తిప్పలేనా?"

వెంట వచ్చిన పద్మకుమారికీ కొడుకు లేని ఇంట్లో తోచడం లేదు. అత్తవైపే మాట్లాడింది. కూర్మమ్మ సీసానీ మనవణ్ణీ ఇంటికి తెచ్చుకుని అన్నట్టే చేసింది. అడుగున మంచు, పైన తడి గోనె, దాని మీద కవరు చుట్టిన సీసా. చల్లదనం తగ్గలేదు, మందు బిగుసుకోనూ లేదు. చూడ్డానికి వచ్చిన తాయారు మూత ఎత్తి, ముట్టుకుని, తప్పు దొరక్క మూసింది. కూర్మమ్మకి ఆ పూట పండగే.

ఎరుపు పాలిపోయింది. వెంకీ మళ్ళీ గెంతుతున్నాడు. "మామ్మా" అనే కేక మళ్ళీ వచ్చింది. అక్కడితో ఊరుకుంటే బాగుండును. బోరింగు దగ్గర ఆడవాళ్ళు ఊరుకోలేదు. "తాయారు తీసుకెల్లింది గాబట్టి సరిపోనాది. నేకపోతే ఈవిడ నూనితో ఆ గుంటడు ఏటైపోదుడో!"

సీసాలోంచి పోసిన ప్రతి చెంచాడూ తాయారు ఖాతాలో పడుతున్నట్టు అనిపించింది కూర్మమ్మకి. పిల్లాడు బాగానే ఉన్నాడు, ఇంకా ఎందుకు? పొద్దున పెట్టె మూత తీసి సీసాని చూసి మూసేసింది. సాయంత్రమూ అంతే. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కోడలు అడిగితే "ఏసీసినాను" అంది. మళ్ళీ వేపనూనె రాసి, బోరింగు దగ్గరికి వెళ్ళి, "నా నూనే పనిసేసినాది, సూడండర్రా" అని చాటింది.

కొన్నాళ్ళకి వెంకీ పెరట్లోకి వెళ్ళాడు. ఎంతసేపటికీ కేక రాలేదు. కూర్మమ్మ చెంబుతో వెళ్ళి చూస్తే, గోడవైపు తిరిగి కూర్చుని పెదవి కొరుక్కుంటున్నాడు. చెంపలు తడిసిపోయి ఉన్నాయి. ఎర్ర చక్రం మళ్ళీ వచ్చింది, ముందుకన్నా వెడల్పుగా.

"పిలవనేదేటిరా నాన్నా?"

"పిలిస్తే నూని రాస్తావు."

తాయారుని పిలిచి ఉన్నా భరించేది. ఎవరినీ పిలవకుండా నొప్పి దాచుకోవడం మాత్రం చూడలేకపోయింది. పద్మకుమారికి ఫోన్ చేయించి, ఒక చంకలో పిల్లాణ్ణి, ఇంకో చంకలో పెట్టెని పెట్టుకుని ఆటో ఎక్కింది. ఆ డాక్టరమ్మ ఎక్కడుంటుందో ఆమెకి తెలియదు. తెలిసిన కోడలు ఫ్యాక్టరీలో ఉంది, ఇక తెలిసింది తాయారుకే. ఎచ్చెర్లలో దిగక తప్పలేదు.

తాయారు సీసాని చూసింది. సగానికి పైగా అలాగే ఉంది. చీర మార్చుకుని వచ్చి ఆటోలో కూర్చుంది. తిట్టి ఉంటే కూర్మమ్మ రెండింతలు తిట్టేది. దారంతా ఆ తిట్టు కోసమే చూసింది, రాలేదు.

డాక్టరమ్మ సీసాని పైకెత్తి చూసింది. "ఇంత మిగిలిందేమిటి?"

"నానే ఆపీసినాను" అంది కూర్మమ్మ. "తగ్గిపోనాది గదా అని."

"అందుకే తిరగబెట్టింది. పైకి ఎరుపు తగ్గినా లోపల క్రిమి చావలేదు. ఇది పారేయండి, కొత్తది రాస్తాను. ఈసారి చివరిదాకా తాగించాలి. ఇంట్లో ఎవరికైనా గొంతునొప్పి ఉందా? వాళ్ళనుంచి కూడా వస్తుంది."

కూర్మమ్మ ముఖం వెలిగింది. "ముందు ఈవిడది సూడండమ్మా. గొంతు సించుకుని మాటాడతాది."

"నాది సూడండి, ఏటవుతాది?" అని తాయారు నోరు బార్లా తెరిచింది. "ఆ తరవాత ఈవిడిది కూడా సూడండి. నాలిక కిందా మీదా సూడండి."

డాక్టరమ్మ నవ్వుకుంటూ టార్చి వేసింది. తాయారు గొంతు శుభ్రంగా ఉంది. కూర్మమ్మదీ శుభ్రమే. ఇద్దరి ముఖాలూ ఒక్కసారే వాడిపోయాయి. అప్పుడే ఫ్యాక్టరీ నుంచి రొప్పుతూ వచ్చిన పద్మకుమారిని నోరు తెరవమంటే లోపల ఎర్రగా వాచి ఉంది.

"ఐసు గదిలో పని కదండీ, నొప్పి ఎప్పుడూ ఉండేదే అని సెప్పనేదు" అందామె. ఆమె గొంతులోనూ దూది పుల్ల తిప్పి, ఆమెకీ మాత్రలు రాశారు.

తప్పు తన కూతురిదని తాయారు అనలేదు. కోడలిదని కూర్మమ్మా అనలేకపోయింది, పక్కన తాయారు ఉంది మరి.

సీసా ఈసారి కూర్మమ్మ మంచు పెట్టెలోకే వెళ్ళింది. కాపలాకి తాయారు కూడా దిగింది. పొద్దునా సాయంత్రం ఒకావిడ పోయడం, ఒకావిడ వంగి చూడడం.

"గీత దాటినాది వదినా."

"నీ కళ్ళే దాటినాయి. పక్కకి జరుగు."

తాయారు ఏదో అంటే వెంకీ కిలకిలా నవ్వేవాడు. అప్పుడల్లా కూర్మమ్మ చెంచా గట్టిగా కడిగేది. కానీ ఒక్క పూట కూడా మానలేదు. నూనె సీసాని తనే తీసి దీపాల గూట్లో పెట్టేసింది.

మందు అయిపోవచ్చిన రోజుల్లో ఒక మధ్యాహ్నం వెంకీ పెరట్లోకి వెళ్ళాడు. వసారాలో ఇద్దరూ మాటలు ఆపేశారు. కూర్మమ్మ చేయి మెల్లగా చెంబు మీదికి వెళ్ళింది. తాయారు కొంగు దోపుకుంది. కేక లేదు. మగ్గు చప్పుడు, నీళ్ళ చప్పుడు వినబడ్డాయి. ఇద్దరూ ఒకరినొకరు తోసుకుంటూ లేచారు.

"రావద్దు!" అన్నాడు వెంకీ లోపల్నుంచి. "నానే కడుక్కుంతన్నాను. డాక్టరమ్మ సెప్పినాది."

"సరిగ్గా వచ్చో రాదో, నాను సూస్తాను" అని తాయారు అడుగు ముందుకేసింది.

కూర్మమ్మ ఆవిడ చేయి పట్టుకుని అరుగు మీద కూలేసింది. "కూకో వదినా. ఆడి పని ఆడు సేసుకుంతాడు. నిన్ను పిలిసినాడా?"

"నిన్ను పిలిసినాడేటి?"

"నేదు" అంది కూర్మమ్మ, ఎన్నాళ్ళకో కడుపు చల్లబడి. "నిన్నూ పిలవనేదు."