రీటా క్యాసెట్టులో రెండో గొంతు

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతితో మొదలుపెడుతున్నాను. మారిషస్ దీవిలో ఒకరి ఇంట్లో ఒక క్యాసెట్టు ఉంది, లేదా ఒకప్పుడు ఉండేది. అందులో ఒక రామభజనకు వంత పాడిన ఆడగొంతు నాది. అన్నయ్యకు చెప్పలేదు. పెళ్ళయ్యాక మావారికీ చెప్పలేదు. అన్నీ రాసుకునే నా డైరీలో కూడా ఆ రోజు కింద "ఎండ విపరీతం. రికార్డింగు అయింది" అని మాత్రమే ఉంది.

1982లో కువైట్‌లోని మిర్కాబ్‌లో ఒక రికార్డింగు కంపెనీలో టేప్ లైబ్రేరియన్‌గా చేరాను. మాది తాళ్ళరేవు. అన్నయ్య, వదిన అప్పటికే అక్కడ ఉండేవారు. నేను కొట్టు ముందు నిలబడి అమ్మే పని కాదనీ, లోపలి గదిలో అద్దం వెనక కూర్చునే పనేననీ తెలిశాకే అన్నయ్య ఒప్పుకున్నాడు. నాకూ అదే కావలసింది. మనుషులతో మాట్లాడే అవసరం తక్కువ, పాటలు వినే అవకాశం ఎక్కువ. మధ్యాహ్నం కొట్టు మూసే వేళ చదువుకోవడానికి సంచిలో ఎప్పుడూ ఒక పుస్తకం ఉండేది.

మా పని పద్ధతి ఇది. స్టూడియోలో పాడినది ముందు పెద్ద చక్రం టేపు మీదికి ఎక్కుతుంది. దాన్ని మాస్టర్ అంటారు. లైబ్రేరియన్ దాన్ని విని, ఏ భాష, ఏ రకం పాట అని రాసి, బీరువాలో అది ఏ అరకు చెందుతుందో ఆ నంబరు వేయాలి. నంబరు పడ్డాకే అనుమతి కాగితాలు కదులుతాయి, ఆ తరువాతే కాపీలు. నంబరు పడని మాస్టర్‌ను వారాంతంలో అయస్కాంతపు యంత్రం మీద పెట్టి చెరిపేసి, మళ్ళీ వాడేవారు. టేపు ఖరీదైన వస్తువు కనుక అందులో తప్పుపట్టడానికి లేదు.

రీటా అక్కడికి వచ్చింది మరుసటి వేసవిలో. మారిషస్ మనిషి, ఒక హోటల్ బ్యాండులో గాయని. హోటల్‌తో ఒప్పందం ముగిసింది, ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండే అనుమతి, దాని గడువు కూడా అయిపోతోంది. వెళ్ళేలోపు తన దీవి పాటలన్నీ ఒకే క్యాసెట్టుగా తేవాలని ఆమె కోరిక. మేనేజరు ఈజిప్టు ఆయన, అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. ఆయన ఒక మధ్యాహ్నం స్టూడియో ఇచ్చాడు.

"అన్నీ అంటే ఎన్ని రకాలమ్మా?" అని అడిగాడు ఖాజా భాయ్. ఆయన రాయచోటి మనిషి, మా సౌండ్ రికార్డిస్టు.

రీటా వేళ్ళు మడిచింది. బానిసలుగా తెచ్చినవాళ్ళ నుంచి వచ్చిన సెగా ఆటపాట, క్రియోల్ భాషలో. భోజ్‌పురి పెళ్ళిపాట. హోటళ్ళలో పాడే ఫ్రెంచి ప్రేమపాట. చివరిది తెలుగు రామభజన.

"తెలుగా!" అన్నాం ఇద్దరం.

"మా నాన్నవాళ్ళు తెలుగు. అక్కడ మమ్మల్ని కోరంగీలు అంటారు. నాకు పాట వచ్చు, మాట రాదు" అంది, హిందీ, ఇంగ్లీషు, తెలుగు కలిపి.

కోరంగి మా ఊరి పక్కనే. వాళ్ళ పెద్దలు ఓడ ఎక్కిన రేవు అది. నేను చిన్నప్పుడు ఆ దారిన బస్సులో వెళ్ళినదాన్నే. ఆ మాట పైకి చెప్పడానికి నాకు అరగంట పట్టింది. చెప్పగానే రీటా నా రెండు చేతులూ పట్టుకుంది.

సెగాకు వాయించే రవాన్ మేకతోలు బిగించినది, పెద్ద కంజీరలా ఉంటుంది. స్టూడియో ఏసీ చల్లదనానికి తోలు వదులై, కొడితే చాపను తట్టినట్టు మోగింది. తమ దగ్గర వాయించే ముందు మంట దగ్గర కాస్తామని రీటా చెప్పింది.

"మా పక్క గూడా డప్పును అట్లనే కాస్తారులేమ్మా. ఈడ మంట పెడితే ఉస్తాద్ మనల్ని కాస్తాడు. మిద్దె మీద ఎండ ఉండాది గదా!" అని ఖాజా భాయ్ వాయిద్యం పట్టుకుని పైకి పోయాడు.

కాసేపటికి తోలు బిగిసి, వేలు తగిలితే పలికే స్థితికి వచ్చింది. మళ్ళీ చల్లబడకుండా ఏసీ ఆపేశాం. కువైట్ ఆగస్టులో, తలుపులు మూసిన గదిలో! "యల్లా, తొందరగా పాడు తల్లీ. ఇంకాసేపుంటే ముగ్గురం కబాబులే" అన్నాడాయన. బియ్యం పోసిన పాలపొడి డబ్బా నా చేతికిచ్చి ఊపమన్నాడు. డబ్బాకు నోరు లేదు కనుక నేను అద్దం వెనక నుంచి ధైర్యంగా బయటికి వచ్చాను.

రామభజన దగ్గర రీటా ఆగిపోయింది. వాళ్ళ ఊళ్ళో దీపస్తంభం చుట్టూ తిరుగుతూ పాడతారు. ఒకరు ఎత్తుకోవాలి, మిగిలినవాళ్ళు అందుకోవాలి. అందుకునేవాళ్ళు లేకుండా పాడరు, అది వాళ్ళ ఆచారం. వంతకు రావలసిన ఆమె ఊరివాడికి హోటల్‌లో సెలవు దొరకలేదు.

"సిస్టర్, నువ్వు" అంది నన్ను చూసి.

"నాకు రాదండి, ఆయ్. నేను పాడను" అన్నాను.

"మా అవ్వ అరవై ఏళ్ళుగా పాడుతోంది. ఈ పాట కూడా మన క్యాసెట్‌లో ఉందా అని ముందు అదే అడుగుద్ది."

నా భయం అన్నయ్య గురించి. మిర్కాబ్ బజారులో అమ్మే క్యాసెట్టులో చెల్లెలి గొంతని తెలిస్తే మరునాటి నుంచి ఉద్యోగం ఉండదు. ఖాజా భాయ్ అది గ్రహించాడు. "పేరు రాయంలే పాపా. రీటా, బృందం అని రాస్తా. బృందమంటే ఎవురో ఎవునికి తెలుసు?" అన్నాడు.

పాడాను. ఆమె పలికిన తీరులోనే పలికాను. కొన్ని మాటలు మావి కావు, అరిగి వేరే రూపానికి వచ్చాయి, రాగం మాత్రం మా వీధి భజనలదే. ఆమె ఎత్తుకుని ఆగినప్పుడల్లా నా గొంతు కోసం ఆ గది కనిపెట్టుకుని ఉన్నట్టు అనిపించింది. నా జీవితంలో మైకు ముందు పాడింది ఆ ఒక్కసారే.

మరునాడు ఉస్తాద్ మొత్తం విన్నాడు. సెగా నచ్చింది. ఫ్రెంచిపాటతో కలిపి పాశ్చాత్య నృత్యాల అరలో పెట్టమన్నాడు, గోవావాళ్ళు, ఫిలిప్పీన్సువాళ్ళు కొంటారని. పెళ్ళిపాటను హిందీ జానపదాల్లో కలపమన్నాడు. అన్నీ ఒకటిగా ఉండాలని రీటా అడిగిన మాట చెప్పాను. ఒక క్యాసెట్టుకు రెండు అరలుండవు అన్నాడు. ఆ తరువాత భజన దగ్గర ఆగి, ఇది తెలుగేనా అని ఖాజా భాయ్‌ని అడిగాడు.

"తెలుగే ఉస్తాద్. కానీ మన తెలుగు కాదు" అన్నాడు ఖాజా భాయ్. ఆయన అబద్ధమాడలేదు, చెడగొట్టాలనీ అనలేదు.

ఉస్తాద్ నావైపు తిరిగి, మీవాళ్ళు దీన్ని కొంటారా అన్నాడు. తెలియదు అన్నాను. కొంటారో లేదో నాకు నిజంగానే తెలియదు. పాట ఎవరిదో ఆయన అడగలేదు, అడగకుండా చెప్పే అలవాటు నాకు లేదు. పైగా అందులో నా గొంతుంది. ఎక్కువ మాట్లాడితే అది బయటపడుతుందనిపించింది.

"ఖలాస్" అన్నాడు. భజనకు నంబరు పడలేదు.

సెగా క్యాసెట్టు విడుదలై బాగానే అమ్ముడైంది. అందులో డబ్బా చప్పుడు నాదే. భజన ఉన్న టేపు వారాంతంలో యంత్రం మీదికి వెళ్ళింది. దాని పెట్టె మీద "ఖాళీ" అని రాసింది కూడా నేనే, అది నా విధి. అంతకుముందే ఖాజా భాయ్ ఆ మధ్యాహ్నపు పాటలన్నీ వరుసగా ఒక క్యాసెట్టుకు ఎక్కించి రీటాకు ఇచ్చాడు. రెండో కాపీ అడగాలని నాకు తోచలేదు. ఇంట్లో ఎక్కడ దాచాలో కూడా తెలియదు.

తరువాత హైదరాబాదులో పదవీ విరమణ వరకూ ఇదే పని చేశాను. ఒక చోటి మనుషులు ఒక వరుసలో పాడుకునే పాటలను భాషల వారీగా విడదీస్తే, ఏ అరకూ చెందనిదే ముందుగా పోతుంది. కనుక నా చేతికి వచ్చిన ఏ టేపునూ విడదీయలేదు. ఊరి పేరు మీదే నంబరు వేశాను. ఆ సంగతి నేర్చుకున్నది మిర్కాబ్‌లో. నేర్చుకున్న నాటికి ఆలస్యమైంది.

రీటా కువైట్ విడిచి వెళ్ళే ముందు కొట్టుకు వచ్చింది. భజన తీసేశారని అప్పటికే ఆమెకు తెలుసు. నేను అద్దం వెనక నుంచి లేచి ఆమె దగ్గరికి వెళ్ళాను. ఆమె చేతిసంచిలోని క్యాసెట్టును పైనుంచే తడిమి చూసుకుంది.

"అవ్వకి చెప్తా" అంది. "కోరంగి నుంచి బదులొచ్చిందని."