లీకు లేని రోజు మోగిన సైరన్

ఒక మనిషి తన ఒక్క బొటనవేలితో రెండు వందల మందిని ఎండలో నిలబెట్టి, మందులు వండుతున్న రియాక్టర్లను ఆపించి, ప్రాణస్నేహితుడి ఉద్యోగానికి ఎసరు పెట్టగలడా అని మీరు అడిగితే, పెట్టగలడు. నేను పెట్టాను. అప్పుడు నాకు ముప్పై నాలుగేళ్లు కాబట్టి చిన్నతనం అని తప్పించుకునే వీలు కూడా లేదు.

నేను బొల్లారంలో మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీలో ఆపరేటర్ని. ఇల్లు ఇంద్రేశంలో. మా వైపు ఎవరికి తలనొప్పి వచ్చినా, జుట్టు రాలినా, కోడలు అలిగినా తప్పు కంపెనీల వాసనదే. కొన్నిసార్లు నిజంగానే దానిది, కాదనను. అందుకే ఆ వేసవిలో నాకు ఉన్నట్టుండి గుండె దడదడలాడి, ఊపిరి అందక, చేతివేళ్లు తిమ్మిరెక్కడం మొదలుకాగానే, మందులు కరిగించడానికి వాడే సాల్వెంట్ ఆవిరి నా ఒంట్లో చేరిందని నేనే తేల్చేశాను. రెండు ఆస్పత్రుల్లో ఈసీజీ తీసి గుండె భేషుగ్గా ఉందన్నారు. ఇంకొకడైతే ఆ సంతోషంలో మిఠాయి కొనేవాడు. నేను ఆ మిషన్లు పాతవని సుజాతకు చెప్పాను. సుజాత అంటే నా భార్య.

మా పనిలో నోటిమాట చెల్లదు, ఏదైనా కాగితం మీద ఉండాలి. నేనూ ఒక నోటుబుక్కు పెట్టాను. ఏ రోజు, ఏ గంటకు దడ వచ్చింది, అప్పుడు ఏ రియాక్టర్ మూత తెరిచి ఉంది, అన్నీ గీతలు కొట్టి రాశాను. కంపెనీ బస్సులో వచ్చిన దడను కూడా, బట్టలకు ఆవిరి అంటుకుని ఉంటుందని రాసుకున్నాను. ఆ తర్వాత బస్సు మానేసి షేర్ ఆటోలో, అదీ దూకడానికి వీలుగా అంచున కూర్చుని వెళ్లేవాణ్ణి. తెల్లాపూర్‌లో బావమరిది కొత్త ఫ్లాట్‌లో గృహప్రవేశానికి వెళ్తూ లిఫ్టులో వచ్చిన దడను మాత్రం రాయలేదు. రాస్తే నా పరిశోధన పాడైపోదూ?

ఒక మంగళవారం పొద్దున డ్యూటీలో ఉండగా మళ్లీ వచ్చింది. ఈసారి చచ్చిపోతానని ఖాయంగా అనిపించింది. గోడ మీది గ్యాస్ డిటెక్టర్ వంక చూస్తే సున్నా చూపిస్తోంది. ఇక్కడే మీరు నా తెలివిని మెచ్చుకోవాలి. నేను పోతుంటే అది సున్నా చూపిస్తోందంటే అది చెడిపోయినట్టే కదా. వెళ్లి సైరన్ గాజు పగలగొట్టి బటన్ నొక్కాను.

అందరూ పరుగున వచ్చి గేటు దగ్గర వరసగా నిలబడ్డారు. సేఫ్టీ ఆఫీసర్ తలలు లెక్కపెట్టాడు. అన్ని తలలూ బాగానే ఉన్నాయి, నాది ఒక్కటే మోకాళ్ల మధ్య ఉంది. ఇబ్రహీం భాయ్ చేతిమీటరు పట్టుకుని బ్లాకంతా తిరిగొచ్చి ఎక్కడా ఏమీ లేదన్నాడు. గోడవీ చేతివీ, ఆ మీటర్లన్నీ సరిచూసే టెక్నీషియన్ అతనే. పదేళ్లుగా నా పక్కన కూర్చుని అన్నం డబ్బా తెరిచే మనిషి.

"భాయ్, నీ మీటర్లే ఖరాబైనయ్" అన్నాను అందరి ముందూ.

అతను కోప్పడలేదు. "శుక్రవారమే చెక్ చేసిన గద నర్సింలూ. పక్కన నిలబడి సంతకం పెట్టింది నువ్వే" అన్నాడు.

సాయంత్రానికి మెమో వచ్చింది. మూడు రోజుల్లో సైరన్ ఎందుకు నొక్కానో రాసివ్వాలి. మీటర్లు తప్పని రాస్తే ఇబ్రహీం ఇంటికి పోతాడు. మీటర్లు సరైనవని రాస్తే ఉత్తపుణ్యానికి ప్లాంటు ఆపినందుకు నేను పోతాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, మొదటి రోజంతా నా మనసు మీటర్లు తప్పనే వైపే మొగ్గింది.

సుజాత నన్ను సంగారెడ్డిలో మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. నాకేం పిచ్చా అని దారి పొడుగునా గొణిగాను. డాక్టరమ్మ నా నోటుబుక్కు మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివింది. ఆవిరి సంగతి కొట్టిపారేయకుండా రక్తపరీక్షలు, థైరాయిడ్ చేయించింది. మర్నాటికి అవీ సరిగ్గానే వచ్చాయి. అప్పుడు అడగడం మొదలుపెట్టింది. దడ ఎంతసేపు ఉంటుంది, ప్రాణం పోతుందనిపిస్తుందా, మళ్లీ ఎప్పుడొస్తుందోనని భయపడుతూ నెల పైనే అయిందా, ఆ భయంతో ఏమైనా మానేశావా అని.

"ఏం మానెయ్యలే మేడం. అంతా కంపెనీ ఆవిరే" అన్నాను.

సుజాత ఇక ఆగలేదు. "బస్సు మానేసిండు మేడం. తెల్లాపూర్‌ల లిఫ్టు ఎక్కి గజగజ వణికిండు, దిగేటప్పుడు పద్నాలుగు అంతస్తులు మెట్లమీదికెల్లి దిగిండు. ఆ లిఫ్టుల ఏ రియాక్టర్ ఉండె, అడగండి."

నేను గోడ మీది క్యాలెండర్‌ను శ్రద్ధగా చూశాను.

డాక్టరమ్మ నవ్వలేదు. "దీన్ని పానిక్ డిజార్డర్ అంటరు. ఆందోళన జబ్బుల్లో ఒకటి. నీకు వచ్చిన దడ అబద్ధం కాదు, దానికి నువ్వు చెప్పిన కారణమే అబద్ధం. నయమయితది" అంది. కొన్ని నెలలుగా చావుకు సిద్ధపడుతున్న నాకు ఏడుపొచ్చింది. సుజాత తన కొంగు ఇచ్చింది.

మూడో రోజు పొద్దున వంటింటి గట్టు మీదే జవాబు రాశాను. మీటర్లు సరిగ్గానే ఉన్నాయి, ఇబ్రహీం తప్పేమీ లేదు, నాకు పానిక్ డిజార్డర్ ఉంది, చికిత్స మొదలైంది అని. డాక్టరమ్మ చీటీ జతచేశాను. ఆ కాగితం నేనే తీసుకెళ్లి ఆఫీసులో ఇచ్చాను. కంపెనీ వాళ్లు హెచ్చరించి వదిలేశారు, కొన్నాళ్లు ప్యాకింగ్‌లో వేశారు. ఇబ్రహీం భాయ్ ఒక వారం నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు చేతిమీటరు తెచ్చి నా ఛాతీకి ఆనించి, "సున్నా" అని చెప్పి, డబ్బా తెరిచాడు.

ఆ మధ్యాహ్నమే సేఫ్టీ ఆఫీసర్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. అయిపోయింది, ఉద్యోగం ఊడిందనుకున్నాను. అతను సొరుగులోంచి ఒక నోటుబుక్కు తీశాడు. తేదీ, సమయం, దడ ఎంతసేపు. ప్రతి వరసకూ చివర కారణం దగ్గర ఒకటే మాట, కాఫీ.

"నాది మాత్రం కాఫీ వల్లేనయ్యా" అన్నాడు మెల్లగా.

"కాఫీ తాగని రోజు వచ్చిన దడ రాయలేదా సార్?"

పుస్తకం మూసి సొరుగులో పెట్టేశాడు. తర్వాత, డాక్టరమ్మ శనివారం ఉంటుందా అని అడిగాడు.

అందుకని మీ అందరి సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. గ్యాస్ నిజంగా లీకైతే సైరన్ మళ్లీ నేనే నొక్కుతాను. కానీ నా గుండెను డిటెక్టర్‌గా ఇక జన్మలో వాడను. ఒకవేళ వాడాల్సి వస్తే, ముందు సుజాతతో సరిచూపించి సంతకం పెట్టిస్తాను.