ఆరో నంబరు కాగితం

"ఆరో నంబరంటే మన సత్యవతి గారేనండి" అనేసి, ఇంకా నవ్వుతూనే ఉన్నాను. సూపర్‌వైజర్ గారు నవ్వలేదు. టీ గ్లాసు కింద పెట్టి, లోపలికి వెళ్ళి రిజిస్టర్ తీశారు.

ఏడేళ్ళయింది. అప్పటి నుంచీ మోస్తున్నాను. ఏడుపు రాదు. రావాలి కదా? రాదు. మా ఆయనకి కూడా చెప్పలేదు. మీకే చెబుతున్నాను.

అప్పుడు నాకు పంతొమ్మిది. పదో తరగతి పాసై, కడియం నర్సరీలో మొక్కల కవర్లలో మట్టి నింపే పనికి వెళ్ళేదాన్ని. విశాఖపట్నంలో పెద్ద చదువు చదువుతున్న ఒక మేడం మా వైపు వచ్చారు. ఊళ్ళు తిరిగే నర్సమ్మల కష్టాలేంటి, వాళ్ళకి ఏ సాయం అందితే వైద్యం బాగుపడుతుంది, ఇదీ ఆవిడ పరిశోధన. ప్రశ్నలడిగి రాసుకురావడానికి నన్ను పెట్టుకున్నారు. "నీతో ఎవరైనా ఇట్టే మాట్లాడేస్తారే" అన్నారు. షరతు ఒక్కటే. కాగితం మీద పేరుండదు, నంబరే. ఏ నంబరు ఎవరిదో మా ఇద్దరికీ తప్ప తెలియకూడదు.

సత్యవతి గారు ఆ మాట నమ్మారు. ఆవిడ నర్సు. అచ్చియ్యమ్మ ఆవిడ దగ్గర ఆయా. పదేళ్ళుగా ఇద్దరూ ఒకే పడవలో గోదావరి దాటి, లంక ఊళ్ళో పిల్లలకి టీకాలు వేసి వచ్చేవారు. "వరదప్పుడు పడవ నడవదమ్మా. వెళ్ళలేను. వెళ్ళినట్టు ఇంటి దగ్గరే రిజిస్టర్ రాసేస్తాను. ఇది కూడా రాయి. చదివినవాళ్ళు ఏదైనా దారి చూపిస్తారేమో" అన్నారు. రాశాను.

వారం తిరక్కుండానే, ఆసుపత్రి వరండాలో నర్సుల సూపర్‌వైజర్ గారు నా చేతిలో కాగితాలు తీసుకుని తిరగేస్తూ "ఎవరే ఈ ఆరో నంబరు, గుండె ధైర్యం బాగానే ఉందే!" అన్నారు. చెప్పేశాను.

ఎందుకు చెప్పాను? లంకకి ప్రత్యేకంగా పడవ ఇస్తారేమోనని చెప్పానంటూ చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. అబద్ధం. అంత పెద్దావిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని టీ ఇప్పించేసరికి, ఆవిడకి తెలియనిదేదో నాకు తెలుసని చూపించుకోవాలనిపించింది. అంతే. అంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండేదేమో.

రిజిస్టర్లో దొంగ రాతలున్నాయని సత్యవతి గారిని ఏజెన్సీ కొండల్లోకి బదిలీ చేశారు. ఆవిడ సామాను సర్దుకుంటున్న రోజు నేనూ వెళ్ళాను.

"లంకకి వెళ్ళని రోజులు నీకు కాక ఎవరికి తెలుసే అచ్చియ్యమ్మా?" అంటున్నారు ఆవిడ.

"నా పిల్లల మీదొట్టండి, నేనెందుకు చెప్తానండి? ఈ పిల్ల కూడా రాసుకెళ్ళింది కదండీ!"

"దాన్నెందుకు లాగుతావు? దాని కాగితం మీద నా పేరే లేదు."

అచ్చియ్యమ్మ నా వైపు తిరిగింది. "చెప్పవే పిల్లా! ఊరంతా వాగుతావు, ఇప్పుడు నోరు పడిపోయిందేంటి?"

"నాకేం తెలుసు పిన్నీ" అన్నాను.

ఆ మాట అనడానికి ఏ కష్టమూ పడలేదు. పేరు చెప్పడం నోటి తొందర అనుకుందాం. మరి ఇది? ఇది ఆలోచించే అన్నాను కదా?

ఆ తర్వాత వచ్చిన నర్సులెవరూ అచ్చియ్యమ్మ ముందు నోరు విప్పలేదు. ఊళ్ళో ఆవిడకి చాడీల అచ్చియ్యమ్మ అని పేరు పడిపోయింది. సత్యవతి గారు కొన్నాళ్ళకి రాజమండ్రి వచ్చేసి కూతురి పెళ్ళి చేశారు. మా వీధిలో అందరికీ శుభలేఖలు ఇచ్చారు, నాక్కూడా. అచ్చియ్యమ్మ గుమ్మం మాత్రం దాటుకుని వెళ్ళిపోయారు. నేను ఆ పెళ్ళికి వెళ్ళాను. భోజనం చేసి వచ్చాను.

ఇంతవరకూ నిన్న రాశాను. క్షమించమని ఎవరినీ అడగాలనిపించలేదు. ఊపిరి మాత్రం కాస్త తేలిగ్గా ఆడింది.

మరునాడు, అంటే ఇవాళ పొద్దున్నే, అచ్చియ్యమ్మ ఇంటికి వెళ్ళాను. ఆవిడకి చదువు రాదు. ఈ కాగితాలు నేనే చదివి వినిపించాను. తోటకూర కాడలు తుంచుతూ విన్నది. అయిపోయాక కాడలు పక్కన పెట్టింది.

"నాకేం తెలుసు పిన్నీ అన్నావు చూడూ, ఆ ముక్క మళ్ళీ చదువు" అంది.

చదివాను.