అత్తమ్మ బుట్టలో వదిలేసిన సామాను

చేవెళ్ల అంగడిలో మా అత్తమ్మ వెంట నడవాలంటే నాకు తల కొట్టేసినట్టుండేది. పెళ్లైన కొత్తలో వారం వారం నన్ను తోలుకపోయేది. వంకాయలు ఒక్కొక్కటే ఏరుతుంది, ధర అడుగుతుంది, అందులో సగానికి ఇస్తావా అంటుంది. అమ్మే మనిషి "నడవదు పో అవ్వా" అనగానే ఏరినవన్నీ ఆ కుప్ప మీదే వదిలేసి నడిచిపోతుంది. నేను వెనక్కి తిరిగితే చెయ్యి పట్టి గుంజేది. "మర్లి చూడకు. చూస్తే మనకు కావాలని వానికి ఎర్కైతది. పిలుస్తడు, నడువు." కొంచెం దూరం పోయేసరికి నిజంగానే "అవ్వా, దా, తీస్కపో" అని కేక వినబడేది. పిలిచినందుకు ఆమె సంబరపడేది కాదు. పిలవకపోతేనే ఆశ్చర్యపోయేది.

నాదేమో ముక్కు మీద కోపం. కిలో వంకాయలకు ఇంత నాటకమా అని దారి పొడుగునా సణుక్కునేదాన్ని. ఆమె మాత్రం సంచి ఊపుకుంటూ నడిచేది, నా సణుగుడు తనకు కాదన్నట్టు.

ఆ అత్తమ్మే, నేను రెండోసారి కడుపుతో ఉన్నానని తెలిశాక ముడిమ్యాల నుంచి మొయినాబాద్‌లోని మా కిరాయి ఇంటికి వచ్చేసింది. సురంగల్‌లో నాకు పుట్టిల్లయితే ఉంది గానీ అమ్మ లేదు. మొదటిసారి ఐదో నెలలో కడుపు పోయింది. అందుకని ఈసారి డాక్టరమ్మ మంచం దిగొద్దంది. బడిలో పంతులమ్మ పని మానేశాను. మా ఆయన ఒక్కడి జీతంతో ఇల్లు నడవాలి కాబట్టి ప్రతిదీ చూసి చూసి కొనుక్కోవలసి వచ్చేది.

మొదటిసారి మా ఆయన సంతోషం పట్టలేక చిన్న ఊలు టోపీ ఒకటి కొనుక్కొచ్చాడు. మా వైపు పుట్టకముందు బిడ్డకు ఏమీ కొనరు. పుట్టాక కూడా పురుడు చేసి పేరు పెట్టేదాకా పాత మెత్తటి గుడ్డలే చుడతారు. ఆ టోపీ వల్లే అలా అయిందని ఎవరూ అనలేదు. అత్తమ్మ దాన్ని ఎక్కడ పెట్టిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఈసారి ఆమె అసలు బిడ్డ ఊసే ఎత్తేది కాదు. తిను, పండుకో, ఎడమ దిక్కు మర్లు, ఇవే మాటలు. కడుపులో మొదటిసారి కదలిక తెలిసిన రోజు ఆమె చెయ్యి పట్టుకుని నా పొట్ట మీద పెట్టబోయాను. "పొయ్యి మీద పాలున్నయి" అని చెయ్యి గుంజుకుని వెళ్లిపోయింది. నాకు ఎంత బాధేసిందో చెప్పలేను. ఈ బిడ్డ కూడా నిలవదని ఈమె ముందే అనుకుంటోంది, అందుకే దగ్గరికి రానివ్వడం లేదు అనుకుని గోడవైపు తిరిగి ఏడ్చాను.

పొద్దుపోక ఒకరోజు ఫోన్‌లో సరుకులు కొనడం ఆమెకు నేర్పాను. ఐదో తరగతి దాకా చదివింది, కూడబలుక్కుని చదవగలదు. యాప్‌ను తెలుగులోకి మార్చి ఇచ్చాను.

"ఇండ్ల బేరమెట్ల చేస్తరు?" అంది మొదటి మాటగా.

"బేరముండదు అత్తమ్మా. కూపన్లుంటయి. ఏ యాప్‌ల తక్కువున్నదో చూసుకొని కొనుడే."

ఆమె మొహం చిన్నబోయింది. అయినా పట్టు వదల్లేదు. కందిపప్పు, నూనె, సబ్బులు తన వేలితోనే బుట్టలో వేసింది. మొత్తం ఎంతైందో చూసి "అబ్బో!" అని ఫోన్‌ను మంచం మీద బోర్లా పెట్టి లేచింది.

"ఇంక కొనలేదు అత్తమ్మా, బుట్టలనే ఉన్నయి."

"ఎర్కే. మనం పోతున్నం. వాడే పిలుస్తడు."

"అండ్ల మనిషెవ్వడు లేడు. మిషిన్ అది."

"మిషినైతేంది? అమ్ముకోవాల్నా, వద్దా?"

పొట్ట పట్టుకుని నవ్వాను. సాయంత్రం మా ఆయనకు చెప్పి ఇద్దరం మళ్లీ నవ్వుకున్నాం. మర్నాడు మధ్యాహ్నం ఫోన్ టింగుమంది. "మీ బుట్టలో సామాను మరచిపోయారు! ఈ రోజే కొంటే మీకు ప్రత్యేక తగ్గింపు." నేను నోరెళ్లబెట్టాను. అత్తమ్మ కింద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది, తలెత్తలేదు.

"పిలిచిండా?" అంది.

"పిలిచిండు" అన్నాను. ఇంకేమంటాను!

ఇక ఆమెను పట్టుకోవడం ఎవరి తరం? మూడు యాప్‌లలో మూడు బుట్టలు నింపి వదిలేసి, ముందు ఎవడు పిలుస్తాడో వాడి దగ్గర కొనేది. మా కింది వాటాలో ఒక ఆంటీ ఉండేవారు. భీమవరం వైపు వాళ్లు, కొడుకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం వచ్చి ఎప్పుడో ఇక్కడే స్థిరపడ్డారు. ఆవిడ మెట్లెక్కి వచ్చి, "వదినగారూ, మా నూనె డబ్బా కూడా మీ బుట్టలో వదిలేద్దురూ. మీరు వదిలేస్తేనే వాడు భయపడుతున్నాడండీ" అనేవారు. అత్తమ్మ మురిసిపోయేది. ఇద్దరూ నా మంచం పక్కనే కూర్చుని ఎవడెంత దిగాడో మాట్లాడుకుంటుంటే, పడుకుని వినడం నాకూ బాగుండేది.

ఏడో నెలలో ఒక పొద్దున అత్తమ్మ స్నానానికి పోయినప్పుడు ఉప్పు అయిపోయిందని నేనే యాప్ తెరిచాను. బుట్టలో పప్పు ఉంది, అటుకులు ఉన్నాయి. ఇంకా కిందికి జరిపాను. పసిపిల్లల జుబ్బాలు. చిన్న తువ్వాలు. గొడుగులా మడిచే దోమతెర. ఉగ్గు గిన్నె. గజ్జెలు, ఎంత చిన్నవో, నా బొటనవేలికి పట్టేటంత. ఊలు టోపీ. వేటికీ టిక్కు లేదు. సరుకులు కొన్న ప్రతిసారీ వీటి టిక్కు తీసేసి, వీటిని మాత్రం అక్కడే ఉంచుతోందన్నమాట. డబ్బు కట్టలేదు కాబట్టి కొన్నట్టు కాదు. ఇంట్లోకి రాలేదు కాబట్టి తప్పు కాదు. తగ్గింపు ఇస్తామని యాప్ ఎన్నిసార్లు పిలిచి ఉంటుందో, ఆమె పలకనే లేదు.

స్నానం చేసి వచ్చేసరికి నేను కళ్లు తుడుచుకుని ఏమీ ఎరగనట్టు పడుకున్నాను. ఆ రోజు ఆమె పెట్టిన అన్నమంతా మారు మాట్లాడకుండా తిన్నాను.

అంతా మా ఆయన చెడగొట్టాడు. అతని ఫోన్‌లో కూడా అదే ఖాతా. ఆఫీసులో ఉండగా "ఈ ఒక్కరోజే" అని సేల్ వచ్చిందట. బుట్ట చూశాడు, నేనే పెట్టాననుకున్నాడు, అన్నిటికీ టిక్కు కొట్టి కొనేశాడు. గజ్జెలు మాత్రం ఆ రోజు స్టాక్ లేక బుట్టలోనే మిగిలిపోయాయి. మిగతావన్నీ పప్పుతో, సబ్బులతో కలిసి రెండో రోజుకల్లా గుమ్మంలో దిగాయి.

సంచి విప్పింది అత్తమ్మే. సబ్బులు తీసింది, పప్పు తీసింది, తర్వాత టోపీ చేతికొచ్చింది.  దాన్ని పట్టుకునే గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

"ఎవరు కొన్నరు? ఎవరు తెమ్మన్నరు వీటిని?"

మా ఆయనకు ఫోన్ చేసి ఒంటికాలి మీద లేచాను. పాపం, అతను "అమ్మ పెట్టిందా?" అని నాలిక కరుచుకున్నాడు.

"వాపస్ ఇచ్చెయ్" అంది అత్తమ్మ. "ఇప్పుడే. ఇంట్ల ఒక్క గడియ గూడ ఉండొద్దు."

యాప్ తెరిచాను. వాపసు ఇవ్వాలంటే కారణం చెప్పమంది. వరసగా చదివాను.

"సైజు సరిపోలేదు."

"ఇంక ఎయ్యనే లేదు గద, ఎట్ల తెలుస్తది?"

"నాణ్యత బాగాలేదు."

ఆమె జుబ్బాను రెండు వేళ్లతో తడిమి చూసింది. "మంచిగనే ఉన్నది."

"ఆలస్యంగా వచ్చింది."

"జల్ది వచ్చినయని లేదా?"

లేదు. మిగిలింది ఒక్కటే. "ఇక అవసరం లేదు" అని చదివి, అదే నొక్కబోయాను.

"అది నొక్కకు!"

ఆమె అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. ఫోన్ నా చేతిలోంచి లాక్కుని గుండెకు అదుముకుంది. "ఆ మాట నొక్కకు బిడ్డా. అవసరం లేదని ఎట్లంటవ్? అవసరమున్నది. మనకు శానా అవసరమున్నది." చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. "పోయినసారి ఊరంతా చెప్పుకున్న. ఈసారి నోరు కట్టేసుకున్న. అంతగనం కావాలని ఎర్కైతే ఆ పైనోడు ఇయ్యడేమోనని భయం. అందుకే మర్లి చూడకుంట నడుస్తున్న."

నాకప్పుడు తెలిసింది ఆమె చెయ్యి ఎందుకు గుంజుకుందో. మంచం దిగి ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె చెయ్యి తీసుకుని పొట్ట మీద పెట్టుకున్నాను. లోపలి నుంచి ఒక్క తన్ను తగిలింది. ఈసారి చెయ్యి తియ్యలేదు.

అరుపు విని కింది ఆంటీ పరుగున వచ్చారు. సంగతి విని, టోపీ, జుబ్బాలు అన్నీ సంచిలో వేసుకుని చంకన పెట్టుకున్నారు. "ఇవి మీ ఇంటికి రాలేదు వదినగారూ, మా ఇంటికొచ్చాయి. మా ఇంట్లో ఉంటాయి. మీరు అడిగిన రోజు పైకి తెస్తాను" అన్నారు. అత్తమ్మ ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

ఆ తర్వాత పెరుగు తోడుకని, కరివేపాకుకని ఏదో ఒక వంకతో అత్తమ్మ రోజూ కిందికి దిగేది. వచ్చినప్పుడల్లా ఒకసారి సంచి విప్పి చూసుకుని మళ్లీ మూతి కట్టేదని ఆంటీ తర్వాత చెప్పారు. నొప్పులొచ్చిన రోజు నన్ను పట్టుకుని మెట్లు దింపుతూ, అంగడిలో ఏనాడూ మర్లి చూడని మనిషి, ఆంటీ వాళ్ల తలుపు దాటాక ఆగి వెనక్కి తిరిగి చూసింది.

చేవెళ్ల దవాఖానలో మాకు ఆడపిల్ల పుట్టింది. అత్తమ్మ తన పాత చీర ముక్కలో చుట్టి ఎత్తుకుంది. ఏడుస్తూనే నవ్వింది. మొదట కింది ఆంటీకి ఫోన్ చేసింది. "వదినె, ఆడబిడ్డ. మంచిగున్నది. ఆ సంచి జర మా ఇంట్ల పెట్టుండ్రి."

తర్వాత ఫోన్ నా ముందు పెట్టి బుట్ట తెరవమంది. గజ్జెలు ఇంకా అక్కడే ఉన్నాయి. స్టాక్ వచ్చింది గానీ ధర బాగా పెరిగింది.

"ఇయ్యాల రేటు ఎక్కువున్నది అత్తమ్మా" అన్నాను. "పురుడుకు ఇంక టైమున్నది. ఇడిసిపెడుదాం. రేపో మాపో వాడే పిలుస్తడు."

ఆమె ఫోన్ వైపు చూడనే లేదు. చీర ముక్కలోంచి బయటికొచ్చిన ఎర్రటి పాదాన్ని అరచేతిలో పట్టుకుని చూస్తోంది.

"వచ్చేది వచ్చింది" అంది. "ఇంక బేరమెందుకు? నొక్కు బిడ్డా."